చప్పట్లకు గుమ్మటం, పాటకు పన్నెండు ద్వారాలు

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కట్ట మీద పొద్దుగూకే వేళ నిలబడితే అవతలి ఒడ్డు ఊళ్లో కొట్టే డోలు చెవి పక్కనే కొట్టినట్టు వినిపిస్తుంది. ఒగ్గుకథకు ముందు వేసే దరువైతే తాళాల గలగల కూడా అందుతుంది. అదే డోలును మిట్టమధ్యాహ్నం అదే చోట కొట్టించండి, కట్ట మీదికి చేరదు. తేడా డోలులో లేదు, గాలిలో ఉంది. శబ్దం వెచ్చని గాలిలో వేగంగా, చల్లని గాలిలో నెమ్మదిగా పోతుంది. 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు పోయేది మన మే నెల 40 డిగ్రీల ఎండలో 355 మీటర్లు పోతుంది. సందెవేళ నీటిని ఆనుకున్న గాలి చల్లగా, దాని పైపొర వెచ్చగా ఉంటుంది గనక పైకి లేచిన శబ్దం కిందికి వంగి, నీటి మీదుగా జారుతూ మన దాకా వస్తుంది. మధ్యాహ్నం నేల కాగి ఉంటుంది. అప్పుడది పైకి వంగి ఆకాశంలో కలిసిపోతుంది.

ఈ ఊరికి పేరిచ్చిన ఇబ్రహీం కుతుబ్ షా 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలాడు. ఈ చెరువూ ఆయన కాలానిదే. గద్దెనెక్కక ముందు ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల కొలువులో తలదాచుకున్నాడు. తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. తెలుగు పద్యం విని తలూపిన రాజు పేరు మా ఊరికి ఉందంటే నాకు సంతోషంగా ఉంటుంది. ఆయన వంశం వారి మేస్త్రీలు నగరం అవతలి కొసన రెండు కట్టడాలు వదిలిపెట్టి పోయారు. ఒకటి చప్పట్లను కొండ మీదికి పంపే గుమ్మటం. రెండోది పాట పాడుకోవడానికి అన్ని వైపులా తెరిచి ఉంచిన మండపం. రెండింటినీ ఒకే రోజు చూస్తే వాళ్ల చెవి ఎంత పదునైనదో అర్థమవుతుంది.

నేను వాటిని శ్రద్ధగా చూడటానికి కారణం ఒక కచేరి. ఆ మధ్య గుండ్రటి కప్పున్న ఒక కొత్త హాల్లో గాత్ర కచేరి విన్నాను. గాయని మంచి విద్వాంసురాలు. మొదటి కీర్తన పల్లవిలోనే సాహిత్యం ముద్దయిపోయింది. మృదంగం మీద వేళ్లు ఆడుతున్నది కనపడుతోంది, వినపడుతున్నది మాత్రం ఎడతెగని ఒక హోరు. హాలు నట్టనడుమ కూర్చున్న పెద్దాయన దగ్గితే ఆ దగ్గు పైనుంచి తిరిగి ఆయన నెత్తి మీదే పడింది. ఆయన ఉలిక్కిపడి పైకి చూశాడు. మైకుసెట్టు అబ్బాయి శబ్దం పెంచాడు, తగ్గించాడు, ఏం చేసినా లాభం లేకపోయింది. తప్పు గాయనిది కాదు, అబ్బాయిది అసలే కాదు. ఆ తప్పు కప్పు గీసినప్పుడే జరిగిపోయింది.

గోల్కొండకు వెళ్దాం. బాలాహిస్సార్ ద్వారం దాటగానే వచ్చే కమాను మండపం అందరికీ తెలిసినదే. గైడు అక్కడ ఒక చోట నిలబడి చప్పట్లు కొడతాడు, కొండ కొసన ఉన్న బాలాహిస్సార్ మండపంలో అది వినపడుతుందని చెబుతాడు. కోటకు ఎవరు వచ్చారో, ఆపద ఏమైనా ఉందో పైవారికి తెలియజేసేందుకే ఈ ఏర్పాటని తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఒక ఆదివారం తెల్లారగానే, జనం రాకముందు, మా బావమరిదిని పైకి పంపి నేను కింద ఉండిపోయాను. దాదాపు 120 మీటర్ల ఎత్తు కొండ అది. ఫోనులో మాట్లాడుకుంటూ చేసిన పరీక్ష. గుమ్మటం కింద కొట్టిన ప్రతి చప్పట్లూ పైన అందాయి. అక్కణ్నుంచి నాలుగడుగులు పక్కకు జరిగి అంతే గట్టిగా కొట్టాను. "బావా, కొట్టావా?" అని అడిగాడు.

ఆ నాలుగడుగుల్లోనే మేస్త్రీ పనితనమంతా ఉంది. తల పైకెత్తి చూడండి. ఆ కప్పు లోపలి వైపు నున్నటి గిన్నెలా లేదు. సున్నపు పనిని పలకలు పలకలుగా, వజ్రాకారపు గళ్లుగా తీర్చారు. ఆరుబయట చప్పట్లు కొడితే ఆ శబ్దం నలుదిక్కులా పంచుకుపోతుంది, పైకి పోయినది పోయినట్టే. ఇక్కడ పైకి పోయిన భాగాన్ని కప్పు పట్టుకుని వెనక్కి ఇస్తుంది. రెండు పక్కలా గోడలున్నాయి. మిగిలిన దారి కమాను నోరు. టార్చిలైటు బల్బు వెనక ఉన్న గుంట అద్దం ఏ పని చేస్తుందో ఈ కప్పు శబ్దానికి ఆ పనే చేస్తుంది: కొత్తగా బలం కలపదు, ఉన్న బలాన్ని చెదరకుండా ఒక వైపుకు మళ్లిస్తుంది. బల్బు తన చోటు నుంచి కాస్త జరిగితే వెలుగు చెదిరినట్టే, నేను జరిగితే చప్పట్లు చెదిరాయి.

ఇంకో సంగతి. వాళ్లు ఎంచుకున్నది చప్పట్లను. కేకను కాదు, డప్పును కాదు. చప్పట్లు అతి కొద్ది సేపట్లో ముగిసే గట్టి శబ్దం. మొదలైందో లేదో అయిపోతుంది. కప్పు నుంచి వచ్చే మారుమోతలు వెంటవెంటనే దాని మీదే పడి దాన్ని బలపరుస్తాయి. చెవి సెకనులో ఇరవయ్యో వంతు లోపల వచ్చిన మారుమోతను అసలు శబ్దంతో కలిపి ఒక్కటిగానే వింటుంది. ఆ వ్యవధిలో శబ్దం పోయే దూరం 17 మీటర్లు. చిన్న మండపంలో కప్పు దాకా పోయి వచ్చే దారి అంతకన్నా చాలా తక్కువ, కాబట్టి చప్పట్లు గట్టిపడతాయే గానీ రెండుగా చీలవు. ఆ మండపంలోనే నిలబడి నాలుగు మాటలు మాట్లాడి చూడండి. ఒక మాట తోక ఇంకో మాట నెత్తిన పడుతుంది. అది సంకేతం కోసం చేసిన పనిముట్టు. దాన్ని పాట కోసం వాడాలని ఆ మేస్త్రీలకు తోచలేదు, అందుకే వాళ్లను మెచ్చుకుంటున్నాను.

పెద్ద గుమ్మటమైతే ఏమవుతుంది? కోటకు దగ్గర్లోనే ఉన్న కుతుబ్ షాహీ సమాధుల్లోకి వెళ్లండి. 1612లో చనిపోయిన మహమ్మద్ కులీ సమాధి 42 మీటర్ల పైచిలుకు ఎత్తు. ఇలాంటి గదిలో ఒక్క 'సా' పట్టి వదిలేస్తే అది మన గొంతు విడిచాక కూడా పైన తిరుగుతూనే ఉంటుంది. 'సా' ఆరకముందే 'పా' పాడితే రెండూ కలిసి తంబురా మీటినట్టు మోగుతాయి. నిలకడ స్వరాలకు ఇంతకన్నా అందమైన చోటు లేదు. పౌరాణిక నాటకాల పద్యం ఇక్కడ పాడితే ఎలా ఉంటుందో నేను చాలాసార్లు ఊహించుకున్నాను. పద్యం చివర తీసే రాగం వెలిగిపోతుంది, పద్యంలోని మాటలు మాత్రం మునిగిపోతాయి. కర్ణాటక సంగీతానికి కష్టం ఇంకా ఎక్కువ. గమకంలో స్వరం ఊగుతుంది; ఊగిన ప్రతి చోటూ గాలిలో మిగిలిపోతే ఊపు కనపడదు, మరక కనపడుతుంది.

ఈ మోతను ఇంతసేపు నిలిపేది గచ్చు. గానుగలో ఎద్దులు తిప్పే రాతిచక్రం కింద నలిగిన సున్నం, దానిలో బెల్లం నీళ్లు, మారేడు గుజ్జు లాంటివి కలిపి, పూసి, రాయితో రుద్ది నునుపు తేల్చిన పని. 2013లో ఆగాఖాన్ ట్రస్టు ఈ సమాధుల పునరుద్ధరణకు పూనుకున్నప్పుడు గత శతాబ్దంలో ఎవరో మెత్తిన సిమెంటును ఒలిచి మళ్లీ సున్నమే పూయించింది. చేత్తో తడిమి చూస్తే పాలరాయి అనిపిస్తుంది. అంత గట్టి నున్నటి గోడ తనను తాకిన శబ్దంలో నూటికి రెండు మూడు పాళ్లే మింగుతుంది. మూడు పాళ్లనుకుందాం. ముప్ఫై సార్లు గోడకు తగిలి వచ్చాక కూడా నూటికి నలభై పాళ్లు మిగిలే ఉంటుంది. గది ఎంత పెద్దదైతే రెండు తాకిళ్ల మధ్య అంత సమయం, కాబట్టి అంత సేపు మోత. దీన్నే బడి పుస్తకాల్లో ప్రతినాదం అంటారు.

ఈ ప్రతినాదానికి మొదట లెక్క కట్టినవాడు హార్వర్డ్‌లో పనిచేసిన వాలెస్ సాబిన్. 1890ల చివర్లో ఒక ఉపన్యాస మందిరంలో మాటలు అర్థం కావడం లేదంటే, ఆయన పక్క నాటకశాల నుంచి కుర్చీల మెత్తలు రాత్రిపూట మోయించుకొచ్చి, ఒక్కో వరస పరుస్తూ మోత ఎంత సేపట్లో ఆరుతుందో కొలిచాడు. తెల్లారేసరికి మెత్తలు మళ్లీ నాటకశాలకు చేర్చాలి. ఆయన సూత్రం పెట్టి మన గుండ్రటి హాలు లెక్క వేద్దాం. నేల మీదే బోర్లించిన అర్ధగోళం, వ్యాసం 10 మీటర్లు, అంటే 33 అడుగులు. లోపల 262 ఘనపు మీటర్ల గాలి. గోడా నేలా అన్నీ గట్టి గచ్చే అయితే మోత ఆరడానికి దాదాపు 6 సెకన్లు. నేలంతా మందపాటి జంపఖానా పరిస్తే ఒకటిన్నర. నేల నిండా మనుషులు కిక్కిరిసి కూర్చుంటే సెకను కన్నా తక్కువ. మనిషి ఒళ్లూ బట్టా అంత మింగుతాయి. మన కచేరికి ఒకటి నుంచి ఒకటిన్నర సెకను హాయిగా ఉంటుంది. ఖాళీ హాల్లో మైకు సరిచూసుకుని, నిండు హాల్లో పాడబోయే కళాకారుడు ఎంత మోసపోతాడో ఈ అంకెలు చెబుతాయి.

అయితే ఈ సూత్రానికి గుమ్మటం పూర్తిగా లొంగదు. శబ్దం గదంతా సమానంగా పరుచుకుంటుందని సూత్రం అనుకుంటుంది. గుమ్మటం అలా పరుచుకోనివ్వదు, ఒక చోట కుప్పపోస్తుంది. గోళానికి కేంద్రంలో నిలబడి మాట్లాడితే ప్రతి మాటా అన్ని వైపుల నుంచీ ఒకేసారి తిరిగి అక్కడికే వస్తుంది. పాపం ఆ పెద్దాయన దగ్గుకు జరిగింది ఇదే. నేల మీద బోర్లించిన అర్ధగోళానికి కేంద్రం సరిగ్గా నేల మీదే, జనం కూర్చునే చోటే పడుతుంది. అంతకన్నా చెడ్డ చోటు మరొకటి లేదు. ఈ విద్య తెలిసినవాళ్లు చెప్పే కొలత ఒకటుంది: కప్పు వంపు వ్యాసార్ధం గది ఎత్తులో సగానికి లోపు ఉండాలి, లేదా ఎత్తుకు రెట్టింపుకు మించి ఉండాలి. మొదటి దానిలో శబ్దం కుప్పపడే చోటు తలల పైన గాలిలోనే ఉండిపోతుంది. రెండో దానిలో నేల కిందికి దిగిపోతుంది. మధ్యలో ఎక్కడున్నా జనం చెవుల్లో పడుతుంది.

ఈ కొలత పట్టుకుని మళ్లీ సమాధుల్లోకి వెళ్లి చూశాను. చదరపు గది, నిలువెత్తు గోడలు, మూలల్లో కమానులు వేసి చదరాన్ని క్రమంగా గుండ్రం చేసుకుంటూ పోయి, ఆ పైన గుమ్మటం కూర్చోబెట్టారు. వంపు కేంద్రం మన తలలకు ఎంతో పైన ఉంది. వాళ్లు దీన్ని చెవి కోసమే చేశారని నేను అనను; బరువు దించడానికి, కంటికి నిండుతనానికి చేసి ఉంటారు. కానీ ఎత్తు మీద నిలిపిన గుమ్మటం కింద మోత ఎంత పొడుగైనా చాలా వరకు మెత్తగా దిగుతుంది. నేలకు దించిన గుమ్మటంలో నెత్తిన మొట్టినట్టు పడుతుంది.

ఇక గుమ్మటాల్లో మహారాజు బిజాపూర్ గోల్ గుంబజ్. మహమ్మద్ ఆదిల్ షా సమాధి, 1656 నాటికి పూర్తయింది. లోపలి వ్యాసం దాదాపు 38 మీటర్లు. గుమ్మటం అడుగున చుట్టూ తిరిగే వసారాలో ఒకరు గోడకు నోరు ఆనించి గుసగుసలాడితే ఎదురుగా అంత దూరాన ఉన్నవారికి వినపడుతుంది. చప్పట్లు కొడితే అనేకసార్లు తిరిగి వస్తాయి. ఎదుటి గోడకు పోయి రావడానికి 76 మీటర్లు. సెకనులో అయిదో వంతు పైమాట. మృదంగం మీద కాస్త వేగంగా వాయించేటప్పుడు రెండు దెబ్బల మధ్య సెకనులో ఆరో వంతు ఉంటుంది. అంటే పోయి వచ్చిన ప్రతి దెబ్బా తర్వాతి దెబ్బ మీద ఎక్కి కూర్చుంటుంది. అక్కడ తనియావర్తనం ఎవరూ చేయలేరు.

ఆ గుసగుస దారి తెన్నులు కనిపెట్టడానికి పూనుకున్నది విశాఖపట్నంలో చదువుకుని పదకొండో ఏట మెట్రిక్ గట్టెక్కిన సి.వి. రామన్. అంతకు ముందే రేలీ ప్రభువు శబ్దం వంపు గోడను అంటిపెట్టుకుని పాకుతుందని చెప్పాడు. 1921లో లండన్ వెళ్లినప్పుడు రామన్ సెయింట్ పాల్స్ చర్చి గుమ్మటంలో సదర్లాండ్‌తో కలిసి కొలిచి, ఆ పాకడం అన్ని చోట్లా ఒకేలా లేదనీ, హెచ్చుతగ్గుల పట్టీలుగా ఉందనీ చూపాడు. ఆ తర్వాత మన దేశపు గుమ్మటాలనూ, గోల్ గుంబజ్‌నూ పరిశీలించాడు. సముద్రపు నీలం చూసి ఆయన ఆలోచనలో పడిన ప్రయాణం కూడా ఈ 1921దే. తంబురా జీవా మీద, మృదంగం కరణి మీద అంతకు ముందే పనిచేసిన మనిషి గనక ఆయన చెవికి గుమ్మటం కూడా ఒక వాద్యమే అయి ఉంటుంది.

గుమ్మటం కింద సంగీతం పెట్టి తీరవలసి వచ్చినవాళ్లు ఏం చేశారు? లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలు 1871లో తెరిచిన నాటి నుంచీ ప్రతిధ్వనితో బాధపడింది. స్వరకర్త తన రచనను రెండుసార్లు వినగలిగే చోటని చెప్పుకునేవారు. మన పందిళ్లలో కట్టే చాందినీ లాంటి పెద్ద గుడ్డను కప్పు కింద వేలాడదీశారు. చివరికి 1969లో పుట్టగొడుగుల ఆకారంలో ఫైబర్ గ్లాసు పలకలు వేలాడదీస్తే గానీ బాధ తగ్గలేదు. వందేళ్లు పట్టింది. ఇబ్రహీం కుతుబ్ షా గద్దెనెక్కిన 1550లోనే ఇస్తాంబుల్‌లో సులేమానియే మసీదుకు పని మొదలైంది. దాన్ని కట్టిన సినాన్ గుమ్మటం లోపల మట్టి కుండలను నోరు లోపలికి ఉండేలా పొదిగించాడు. మన ఘటం వాయించేవారికి ఈ కిటుకు వెంటనే తెలిసిపోతుంది. ప్రతి కుండకూ తన శ్రుతి ఉంటుంది. ఆ శ్రుతి గల శబ్దం వచ్చినప్పుడు కుండ మెడలోని గాలి ఊగుతుంది, ఆ ఊపులో శబ్దపు బలం కొంత అరిగిపోతుంది. జంపఖానాలు, మనుషులు సన్నటి శబ్దాలను బాగా మింగుతారు గానీ బొంగురు శబ్దాలను అంతగా మింగలేరు. ఆ లోటును కుండ తీరుస్తుంది.

మన మేస్త్రీలు ఎంచుకున్న దారి వేరు. ఇబ్రహీం బాగ్‌లో గుట్ట మీద తారామతి బారాదరి ఉంది. బారాదరి అంటేనే పన్నెండు ద్వారాలు. నాలుగు వైపులా కమానులు, గాలి ఇటు వచ్చి అటు పోతుంది. అబ్దుల్లా కుతుబ్ షా కాలంలో తారామతి అనే గాయని ఇక్కడ పాడితే దాదాపు రెండు కిలోమీటర్ల అవతల కోటలో ఉన్న సుల్తాను విన్నాడని కథ. లెక్క ప్రకారం దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెళ్లు తగ్గుతుంది. రెండు కిలోమీటర్లంటే బలమైన గొంతులో కూడా మిగిలేది ఆకుల గలగలంత. అయినా నేను ఆ కథను కొట్టిపారెయ్యను. మోటార్లు లేని రాత్రి, గాలి కోట వైపు వీస్తూ, నేల చల్లబడి శబ్దం కిందికి వంగే వేళ, మా చెరువు కట్ట మీద నేను విన్న డోలు లాగే ఆ పాటా చేరి ఉండవచ్చు.

కథ కన్నా నాకు కట్టడమే ఎక్కువ నచ్చింది. కమానుల నడుమ నిలబడి మెల్లగా పాడి చూశాను. కప్పు నా గొంతును వెంటనే నాకు తిరిగి ఇచ్చింది; పాడేవారికి తన శ్రుతి తనకు వినపడటం సగం బలం. ఆ తర్వాత ఏమీ రాలేదు. మిగిలినదంతా పన్నెండు ద్వారాల్లోంచి బయటికి పోయింది. ఒక్క సంగతి ముగిసి రెండోది ఎత్తుకునేలోపు గాలి ఖాళీగా ఉంది. పది అడుగుల అవతల కూర్చున్న మా బావమరిదికి పలికిన ప్రతి అక్షరమూ తెలిసింది. ఇవాళ పర్యాటక శాఖ ఈ గుట్ట దగ్గరే ఆరుబయటి రంగస్థలం నడుపుతోంది. మంచి చోటే ఎంచుకున్నారు.

మా వైపు ఎవరైనా గుండ్రటి కప్పుతో హాలు కట్టదలిస్తే నా విన్నపం ఇది. అర్ధగోళాన్ని నేలకు దించకండి, గోడల మీదికి ఎత్తండి, లేదా వంపును బాగా పరచండి. పైన కొక్కేలు వదిలిపెట్టండి, రేపు చాందినీయో పలకలో కట్టుకోవలసి వస్తుంది. ఆఖరి పూత పూయక ముందు ఒక గాయకుడినీ ఒక మృదంగం విద్వాంసుడినీ పిలిచి ఖాళీ హాల్లో ఒకసారి, కూలీలనూ ఊరివాళ్లనూ కూర్చోబెట్టి ఇంకోసారి పాడించండి. ఒక పూట కూలి కన్నా ఎక్కువ ఖర్చు కాదు. దానికీ ముందు, ఒక ఆదివారం పెందలాడే మేస్త్రీని వెంటబెట్టుకుని గోల్కొండ వెళ్లండి. ఒకరు కింద, ఒకరు పైన నిలబడి చప్పట్లు కొట్టి వినండి. ఆ సాయంత్రమే బారాదరిలో మేస్త్రీ చేత ఒక పాట పాడించండి.